పాత కారులో చెక్ ఇంజన్ లైటు: పి0455 కోడ్, రెండు భాగాలు మార్చినా ఆరడం లేదు

ఫ్రీమాంట్_పాతకారు
నా దగ్గర 2006 నాటి జపాన్ సెడాన్ ఉంది. ఒహాయోలో చదువుకునే రోజుల్లో రూమ్మేటు దగ్గర కొన్నాను, 2019లో కాలిఫోర్నియాలో ఉద్యోగం రాగానే నాలుగు రోజులు నడుపుకుంటూ ఇక్కడికి తెచ్చుకున్నాను. ఇప్పటికి 1,68,000 మైళ్ళు తిరిగింది, ఇంజనుకు ఏ జబ్బూ లేదు. రెండు నెలల క్రితం చెక్ ఇంజన్ లైటు వెలిగింది. విడిభాగాల దుకాణంలో ఉచితంగా కోడ్ చదివి పి0455 అన్నారు, అంటే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఈవాప్ వ్యవస్థలో పెద్ద లీకు ఉందని అర్థమట. వాళ్ళు చెప్పినట్టే ముందు 18 డాలర్లు పెట్టి ట్యాంకు మూత మార్చి, నా చిన్న స్కానరుతో కోడ్ చెరిపేశాను. అయిదో రోజున మళ్ళీ వెలిగింది. తరువాత వీడియోలు చూసి పర్జ్ వాల్వ్ 45 డాలర్లకు కొని నేనే బిగించాను. ఈసారి ఒక వారం ఊరించి మరీ వెలిగింది.

ఇప్పుడు మా వీధి చివరి గ్యారేజీలో చూపిస్తే, కారు పైకి ఎత్తకుండానే చార్‌కోల్ క్యానిస్టర్ పోయిందని, కూలితో కలిపి 1,350 డాలర్లు అవుతుందని చెప్పారు. కారు అమ్మితే మూడు వేలు కూడా రాదు. ఏడు వారాల్లోగా స్మాగ్ చెక్ (ఇక్కడి కాలుష్య పరీక్ష) పాస్ కాకపోతే రిజిస్ట్రేషను ఆగిపోతుంది. క్యానిస్టర్ మార్పించాలా, కారు వదిలించుకోవాలా, ఇంకేదైనా దారి ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చిల్లర_లెక్క
మూత టక్ టక్‌మని మూడు సార్లు వినిపించేదాకా తిప్పారా? మా ఇంట్లో ఇదే కోడ్‌కు ఒకసారి అదే మందు పనిచేసింది, ఖర్చు సున్నా.

ఫ్రీమాంట్_పాతకారు
@చిల్లర_లెక్క తిప్పానండీ. ఇప్పుడు పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పుతున్నాను.

ఆటోనగర్_అబ్బాయి
విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో పానాలు అందించడంతో నా చదువు మొదలైంది, పదకొండేళ్ళుగా శాక్రమెంటోలో ఒక గ్యారేజీలో పని చేస్తున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ట్యాంకులోని పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు గుళికలు నింపిన ఒక డబ్బా పట్టుకుంటుంది, అదే క్యానిస్టర్. ఇంజను వేడెక్కి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది, డబ్బాలో చేరిన ఆవిరిని ఇంజను పీల్చుకుని కాల్చేస్తుంది, ఆ సమయంలో వెనుక నుంచి బయటి గాలి రావడానికి వెంట్ వాల్వ్ అనే మరో ద్వారం ఉంటుంది. లీకు పరీక్ష చేసేటప్పుడు కంప్యూటరు ఆ వెంట్ ద్వారం మూసేసి, పర్జ్ వాల్వ్ ద్వారా ట్యాంకులోని గాలిని కొంచెం పీల్చి, ట్యాంకు మీదున్న ప్రెషర్ సెన్సర్ ఏం చెబుతుందో చూస్తుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టు, ఎంత పీల్చినా లోపల ఒత్తిడి తగ్గకపోతే పి0455 వస్తుంది. తగ్గినది నిలవకుండా మెల్లగా జారిపోతే పి0442, సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం అన్నమాట. అందులో సగం రంధ్రమైతే పి0456.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, పి0455 అనేది వ్యవస్థ గాలి నిలుపుకోలేదని మాత్రమే చెబుతుంది, ఏ భాగం పోయిందో చెప్పదు. మూత కావచ్చు, రబ్బరు గొట్టం కావచ్చు, మూసుకోని వెంట్ వాల్వ్ కావచ్చు, అసలు తెరుచుకోని పర్జ్ వాల్వ్ కూడా కావచ్చు. కారు పైకి ఎత్తకుండా క్యానిస్టర్ అని తేల్చేసినవారి దివ్యదృష్టికి నమస్కారం. ముందు స్మోక్ టెస్ట్ చేయించండి. మీ ఊళ్ళో నూట ఇరవై, నూట యాభై డాలర్లలో చేస్తారు. వ్యవస్థలోకి పొగ నింపితే రంధ్రం ఎక్కడుందో పొగే వచ్చి చూపిస్తుంది. ఈలోగా మూడు విషయాలు చెప్పండి: పెట్రోలు పోయించుకున్న వెంటనే ఇంజను స్టార్ట్ కావడానికి మొరాయిస్తుందా? బంకులో నాజిల్ మాటిమాటికీ టక్కున ఆగిపోతుందా? పెట్రోలు వాసన వస్తుందా, వస్తే ఎక్కడ?

ఫ్రీమాంట్_పాతకారు
@ఆటోనగర్_అబ్బాయి స్టార్ట్ కావడంలో ఇబ్బంది లేదు. నాజిల్ మామూలుగానే ఆగుతుంది. వాసన మాత్రం ట్యాంకు నింపిన రోజున వస్తుంది, అది కూడా పెట్రోలు పోసే వైపు వెనుక చక్రం దగ్గర. సగానికి తగ్గిన తరువాత రాదు.

ఆటోనగర్_అబ్బాయి
ఇంజను మొరాయించడం లేదంటే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోలేదు. నాజిల్ ఆగిపోవడం లేదంటే క్యానిస్టర్, వెంట్ దారి మూసుకుపోలేదు. వాసన నింపిన రోజునే, ఆ చక్రం దగ్గరే వస్తోందంటే లీకు ట్యాంకు పై భాగంలోనో, పెట్రోలు పోసే గొట్టంలోనో ఉండాలి. ఆ 45 డాలర్ల వాల్వ్ గురించి ఇక బాధపడి లాభం లేదు.

డాలస్_గోంగూర
తెరుచుకుని ఇరుక్కున్న పర్జ్ వాల్వ్ అంటే నాకు కడుపు రగులుతుంది. మా పాత వ్యాన్‌లో కోడ్ రాకముందే ఆ రోగం మొదలైంది. బంకులో పెట్రోలు నింపి తాళం తిప్పితే ఇంజను పట్టుకుని, రెండు సార్లు దగ్గి ఆగిపోయేది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టుకుని తిప్పితేనే లేచేది, వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు హారన్లతో హారతి ఇచ్చేవారు. ఒక గ్యారేజీలో ఫ్యూయల్ పంపు అన్నారు, మరొక చోట స్పార్క్ ప్లగ్గులు అన్నారు, రెండూ మార్చాను. చివరికి మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి, క్యానిస్టర్ నుంచి వచ్చే గొట్టాన్ని వాల్వ్ దగ్గర ఊడదీసి, వాల్వ్ నోటికి నా బొటనవేలు పెట్టమన్నారు. ఐడిల్‌లో అక్కడ పీల్చుడు ఉండకూడదట, మాది వేలిని జలగలా పట్టుకుంది. వాల్వ్ విప్పి అరచేతిలో దులిపితే ఆవాల కన్నా కొంచెం పెద్దవైన నల్లటి బొగ్గు గుళికలు నాలుగు రాలాయి.

బండి_భారతి
@డాలస్_గోంగూర గుళికలు వాల్వ్ దాకా వచ్చాయంటే క్యానిస్టర్ లోపలి జల్లెడ చిరిగిందని అర్థం. వాల్వ్ ఒక్కటే మార్చి ఊరుకున్నారా?

డాలస్_గోంగూర
ఊరుకున్నాను, ఎనిమిది నెలల్లో కొత్త వాల్వ్ కూడా అలాగే ఇరుక్కుంది. ఆ తరువాత క్యానిస్టర్ కూడా మార్చాను. జంక్‌యార్డులో అదే మోడలు వ్యాన్ నుంచి 60 డాలర్లకు దొరికింది.

చిల్లర_లెక్క
ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. కాలిఫోర్నియాలో 2000 తరువాతి పెట్రోలు కార్లకు ఒక్క ఈవాప్ మానిటర్ (కారు కంప్యూటరు తనంతట తాను చేసుకునే పరీక్ష) పూర్తి కాకపోయినా స్మాగ్ చెక్‌లో పాస్ చేస్తారు. కోడ్ చెరిపేయండి, నాలుగైదు రోజులు నడపండి, మిగిలిన మానిటర్లన్నీ రెడీ అని చూపించగానే, ఈవాప్ రెడీ కాకముందే వెళ్ళి పరీక్ష చేయించుకోండి. రెండేళ్ళ దాకా అడిగేవారు ఉండరు. నేను రెండుసార్లు ఇలాగే గట్టెక్కాను.

లెక్కల_మాస్టారు
@చిల్లర_లెక్క గారు చెప్పిన నిబంధన నిజమే, కానీ ఆ వెసులుబాటు ఇచ్చినది ఈవాప్ పరీక్ష పూర్తి కావడానికి వాతావరణం, ట్యాంకులో పెట్రోలు మట్టం, రాత్రంతా కారు కదలకుండా ఉండడం వంటివన్నీ ఒకేసారి కలిసి రావలసి ఉంటుంది కాబట్టి. లీకు ఉన్న కారును దాటించడానికి ఇచ్చినది కాదు. పైగా అది పందెం. స్మాగ్ కేంద్రానికి వెళ్ళే సరికి చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉంటే మానిటర్లతో సంబంధం లేకుండా ఫెయిల్ చేస్తారు. చాలా కార్లలో లోపం వరుసగా రెండు ట్రిప్పుల్లో కనబడితేనే లైటు వెలుగుతుంది, కాబట్టి మీకు దొరికిన వ్యవధి ఆ రెండు ట్రిప్పులే. ఇంకొక మాట, 2019 జూలై నుంచి కాలిఫోర్నియాలో పర్మనెంట్ కోడ్‌లు కూడా చూస్తున్నారు, అవి స్కానరుతో చెరపడానికి వీలుకానివి. అది ప్రధానంగా 2010, ఆ తరువాతి మోడళ్ళకు వర్తిస్తుంది కాబట్టి ఈయన 2006 కారుకు బాధ లేదు, కానీ ఈ చర్చ చదివి కొత్త కారుతో ఇదే ప్రయోగం చేసేవారు గుర్తుంచుకోవాలి.

చిల్లర_లెక్క
మాస్టారూ, పందెమని మీరే అంటున్నారు, నేను రెండుసార్లు గెలిచానని చెబుతున్నాను.

లెక్కల_మాస్టారు
మీ కారు గరాజు పైన పడకగది ఉందా? వేసవిలో లీకు ఉన్న కారును మూసిన గరాజులో పెడితే పెట్రోలు ఆవిరి ఎక్కడికి పోతుందనుకుంటున్నారు?

చిల్లర_లెక్క
వీధిలో పెడతానండీ. అయినా మాట అర్థమైంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
మీ బాధలు చదువుతుంటే మా హైదరాబాదులో మేము ఎంత సుఖపడుతున్నామో, ఎంత మోసపోతున్నామో రెండూ తెలుస్తున్నాయి. ఇక్కడ పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవారు పెట్రోలు కారు సైలెన్సరులో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. ట్యాంకు నుంచి ఎంత ఆవిరి పోతోందో చూసే ఏర్పాటు ఆ పరీక్షలో లేదు. కొత్త మోడలుకు అనుమతి ఇచ్చేటప్పుడు మాత్రం కారును మూసిన గదిలో ఉంచి పరీక్షకు 2 గ్రాములు మించకూడదంటారు, రోడ్డెక్కిన తరువాత దాని గురించి పట్టించుకున్నవారు లేరు.

మా నాన్నగారి పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఇంజను పక్కనే క్యానిస్టర్ ఉండేది. అది పాడైందని ఒక మెకానిక్ దాన్ని తీసేసి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో ఒక బోల్టు దూర్చి, పైన క్లిప్పు బిగించి, రెండు వందలు తీసుకుని పంపించాడు. మైలేజీ పెరుగుతుందని కూడా చెప్పాడు. పెరగలేదు సరికదా, మే నెల ఎండలో బంకుకు వెళ్ళి మూత తిప్పితే కుక్కర్ విజిల్ తీసినట్టు బుస్సుమని ఆవిరి ముఖానికి కొట్టేది. సగం ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపి తెరిస్తే అదే మూత లోపలికి లాగేది, వెనుక సీటు కింద పంపు గుయ్యిమని మూలిగేది. ట్యాంకుకు ఊపిరి ఆడే దారి మూసేశాడని మాకు తెలిసేసరికి పంపు పోయింది.

ఆటోనగర్_అబ్బాయి
@కూకట్‌పల్లి_కుర్రాడు ఆ బోల్టు వైద్యం నేను కూడా చిన్నతనంలో మా షెడ్డులో చేశాను. అప్పుడు అదొక నైపుణ్యం అనుకునేవాళ్ళం. క్యానిస్టర్ ఆవిరిని పట్టడానికి మాత్రమే పెట్టినది కాదు, ట్యాంకు గాలి పీల్చుకుని వదిలేది కూడా దాని గుండానే. ఇక్కడ కాలిఫోర్నియాలో ఆ పని చేస్తే స్మాగ్ చెక్‌లో కంటితో చూసే దశలోనే ఫెయిల్ అవుతుంది.

ఎడిసన్_ఏలూరు
అందరూ ఒక మాట దాటేశారు. కారు ఒహాయో నుంచి వచ్చిందని మొదటి పోస్టులోనే ఉంది. చలికాలంలో అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మా న్యూజెర్సీలో కూడా అంతే. ఆ ఉప్పు బురద వెనుక చక్రం ఎగజిమ్మితే పెట్రోలు పోసే గొట్టం మీద పడుతుంది. చాలా జపాన్ కార్లలో ఆ గొట్టం ఇనుముది, దాని మీద ఒక ప్లాస్టిక్ కవచం ఉంటుంది, ఆ కవచానికీ గొట్టానికీ మధ్య బురద చేరి ఏళ్ళ తరబడి తడిగా ఉండిపోతుంది. పైకి కవచం నిగనిగలాడుతుంది, లోపల గొట్టం పాత అట్లకాడలా పొరలు పొరలుగా లేస్తుంది. కాలిఫోర్నియా మెకానిక్కుకు తుప్పు చూసే అలవాటు తక్కువ కాబట్టి అటు వైపు చూడలేదేమో. చక్రం ఊడదీసి టార్చి వేసి చూడండి.

బండి_భారతి
ఇది కూడా చదివి నవ్వుకోండి, కానీ కల్పితం కాదు. 2011లో మాజ్దా 6 కార్లను సుమారు 65,000 వెనక్కి పిలిచారు. కారణం సాలెపురుగు. ఎల్లో శాక్ అనే ఒక జాతి సాలెపురుగుకు పెట్రోలు వాసన ఇష్టమట, వెంట్ గొట్టంలో దూరి గూడు అల్లుతుంది. గూడు గాలిని ఆపేస్తే ట్యాంకులో ఒత్తిడి తగ్గి, ట్యాంకు పగుళ్ళు ఇచ్చే ప్రమాదం ఉంది. 2014లో మళ్ళీ ఇదే కారణంతో ఇంకో 42,000 పిలిచారు. కాబట్టి @ఫ్రీమాంట్_పాతకారు గారు గొట్టాలు చూసేటప్పుడు తలుపు తట్టి చూడండి.

డాలస్_గోంగూర
మా అమ్మమ్మ గూటి మీద చీపురు పెడితే పాపం అనేది. కంపెనీకి ఆ పాపం 65,000 సార్లు చుట్టుకుంది.

ఫ్రీమాంట్_పాతకారు
@ఎడిసన్_ఏలూరు శనివారం పొద్దున చక్రం ఊడదీశాను. మీరు చెప్పిన కవచం ఉంది, మూడు ప్లాస్టిక్ మేకులతో బిగించి ఉంది. రెండు మేకులు ఊడాయి, మూడోది విరిగింది. కవచం కొంచెం వంచగానే ఎండిన మట్టి గుప్పెడు రాలింది, ఏడేళ్ళ క్రితం ఒహాయోలో వదిలేసి వచ్చాననుకున్న మట్టి. లోపల గొట్టం పై భాగం, అంటే మూత బిగించే చోటికి జానెడు కింద, పొట్టులా లేచి ఉంది. స్క్రూడ్రైవరు కొనతో మెల్లగా గోకితే పెచ్చు ఊడి వచ్చింది, వెంటనే పెట్రోలు వాసన గుప్పుమంది. ఇక గోకడం మానేశాను. గొట్టం ఆన్‌లైనులో 95 డాలర్లకు ఉంది. ఆర్డరు పెట్టేయనా?

ఎడిసన్_ఏలూరు
చెప్పానా!

ఆటోనగర్_అబ్బాయి
గోకడం మానేసి మంచి పని చేశారు, ఇనుప పనిముట్టుతో అక్కడ ఇంకొంచెం గోకితే నిప్పురవ్వ లేచే ప్రమాదం ఉంది. గొట్టం ఎలాగూ మార్చాలి, అందులో వాదన లేదు, కానీ ఒక్క రంధ్రం దొరికిందని స్మోక్ టెస్ట్ మానుకోవద్దు. పాత కారులో రంధ్రాలు జంటగా తిరుగుతాయి. పెద్దది ఉన్నంతకాలం చిన్నది దాని వెనుక దాక్కుంటుంది, పెద్దది మూసిన పది రోజులకు పి0456 అంటూ తీరిగ్గా బయటికొస్తుంది. గొట్టం మార్చే గ్యారేజీలోనే ముందొకసారి, తరువాతొకసారి పొగ పట్టమనండి.

ఇంట్లో ఎవరైనా ఎయిర్ కంప్రెసరు పెట్టి సబ్బునీళ్ళతో పరీక్షిస్తానంటే దయచేసి వద్దు. ఈ వ్యవస్థను పరీక్షించే ఒత్తిడి అర పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. టైరుకు గాలి కొట్టే కంప్రెసరుతో ఊదితే మంచి గొట్టాలు కూడా ఊడతాయి, ట్యాంకులో ఆవిరి ఉన్న చోట గాలి ఎక్కించడం అసలే ప్రమాదం.

బండి_భారతి
గొట్టం సరే, క్యానిస్టర్ బాగుండాలంటే ఇంకొక అలవాటు మానాలి. నాజిల్ ఆగిన తరువాత ఇంకొంచెం, ఇంకొంచెం అని నొక్కుతారు చూడండి, ఆ అదనపు పెట్రోలు ద్రవంగానే ఆవిరి గొట్టంలోకి, అక్కడి నుంచి బొగ్గులోకి పోతుంది. బొగ్గు ఆవిరిని పట్టి వదిలేయగలదు కానీ పెట్రోలులో నానితే కోలుకోవడం కష్టం. 1998 మోడళ్ళ నుంచి అమెరికా కార్లలో పెట్రోలు పోసేటప్పుడు లేచే ఆవిరి కూడా క్యానిస్టరే మింగే ఏర్పాటు వచ్చింది, కాబట్టి నింపే సమయంలో దాని మీద భారం ఇంకా ఎక్కువ.

ఫ్రీమాంట్_పాతకారు
నేను నలభై డాలర్లకు సరిగ్గా తెచ్చేదాకా నొక్కేవాణ్ణి. ఒప్పుకుంటున్నాను.

కూకట్‌పల్లి_కుర్రాడు
అది మన రక్తంలో ఉంది. ఇక్కడ బంకులో కుర్రాడు 1,963 రూపాయల దగ్గర నాజిల్ ఆగితే మన ముఖం వైపు చూస్తాడు, మనం తల ఊపుతాం, వాడు కారును కొంచెం ఊపి మరీ రెండు వేలు చేస్తాడు. చిల్లర వెతికే బాధ తప్పిందని ఇద్దరమూ సంతోషిస్తాం. ఫోన్లో డబ్బు కట్టే రోజులు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

లెక్కల_మాస్టారు
@కూకట్‌పల్లి_కుర్రాడు 37 రూపాయల పెట్రోలు అంటే సుమారు మూడో వంతు లీటరు. అది నేరుగా బొగ్గులోకి పోతే మిగిలిన చిల్లర చాలా ఖరీదైనది.

చిల్లర_లెక్క
నా పేరు చిల్లర_లెక్క అయినందుకు మొదటిసారి సిగ్గుగా ఉంది.

ఫ్రీమాంట్_పాతకారు
పన్నెండు రోజుల తరువాత తిరిగి వస్తున్నాను, వివరంగా రాస్తాను. వేరే గ్యారేజీకి వెళ్ళాను, స్మోక్ టెస్ట్ 130 డాలర్లు. మెకానిక్ నన్ను దగ్గర నిలబెట్టి చూపించాడు. ఇంజను దగ్గరున్న చిన్న పరీక్ష ద్వారానికి యంత్రం గొట్టం తగిలించి, వెంట్ వాల్వ్ మూసి, పొగ వదిలాడు. రెండు నిమిషాలు ఏమీ కనబడలేదు. తరువాత వెనుక చక్రం పైన, నేను గోకిన చోటికి కొంచెం పక్కన, అగరుబత్తి పొగలా సన్నగా మొదలై చూస్తుండగానే ధారగా మారింది. గొట్టం చుట్టూ మూడు చోట్ల వచ్చింది. క్యానిస్టర్ దగ్గర టార్చి వేసి చూశాడు, చుక్క పొగ లేదు. వెంట్ వాల్వ్ కూడా బాగానే మూసుకుంటోంది.

నేను కొని తీసుకెళ్ళిన 95 డాలర్ల గొట్టమే బిగించాడు, పాత రబ్బరు కలుపు గొట్టాలు రెండూ, క్లాంపులూ మార్చాడు, కూలి 210 తీసుకున్నాడు. @ఆటోనగర్_అబ్బాయి మాట ప్రకారం మళ్ళీ పొగ పట్టమన్నాను. మొదటి పరీక్షకు డబ్బు తీసుకున్నాను కదా అని రెండోసారి ఉచితంగా పట్టాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మూత అంచు చుట్టూ దారంలాంటి పొగ. గొట్టం కొత్తది, మూత కూడా కొత్తదే, నేను 18 డాలర్లు పెట్టి కొన్నదే. మెకానిక్ దాన్ని విప్పి లోపలి రబ్బరు వలయాన్ని వేలితో నొక్కి చూపించాడు, ఒక పక్క సరిగ్గా కూర్చోకుండా మెలిక తిరిగి ఉంది. కారుతో వచ్చిన పాత మూత ఏదని అడిగాడు.

డాలస్_గోంగూర
పారేశారని మాత్రం చెప్పకండి.

ఫ్రీమాంట్_పాతకారు
నేను పారేశాను. మూడు నెలలుగా మా అమ్మ ఇక్కడే ఉంది. ఊళ్ళో ఖాళీ కాఫీ డబ్బా కూడా పారేయనివ్వని మనిషి, చెత్తబుట్టలో ఇది చూసి బాగానే ఉందిగా అని కడిగి, గరాజులో మేకుల డబ్బా పక్కన పెట్టిందట. ఫోన్ చేస్తే నవ్వుతూ చెప్పింది. ఇంటికి వెళ్ళి తెచ్చి బిగించాను, మూడోసారి పొగ పడితే ఎక్కడా రాలేదు. పంతొమ్మిదేళ్ళ పాత మూతకు ఏ రోగమూ లేదు.

ఎడిసన్_ఏలూరు
అయితే మూత మార్చిన రోజున మీరు ఒక లీకు కొనుక్కుని మరీ తగిలించారన్నమాట.

లెక్కల_మాస్టారు
మొత్తం 435 డాలర్లు, వృథాగా పోయిన 63 కలిపితే 498. మొదటి గ్యారేజీ మాట విని 1,350 పోసి ఉంటే బాగున్న క్యానిస్టర్ పోయేది, లీకు అలాగే ఉండేది.

ఫ్రీమాంట్_పాతకారు
ఇంకొక సందేహం. కోడ్ చెరిపి తొమ్మిది రోజులైంది, లైటు వెలగలేదు, కానీ స్కానరులో ఈవాప్ మానిటర్ ఇంకా రెడీ అని చూపించడం లేదు. మిగిలినవన్నీ రెడీ. లీకు ఇంకా ఉందా?

లెక్కల_మాస్టారు
ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది? చాలా కార్లలో ఈ పరీక్ష జరగాలంటే ట్యాంకు సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. ఇంజను రాత్రంతా చల్లబడి, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. బయట మరీ చలి, మరీ ఎండ ఉండకూడదు. సుమారు 35 డిగ్రీలు దాటితే చాలా కంప్యూటర్లు పరీక్షను మొదలుపెట్టవు.

ఫ్రీమాంట్_పాతకారు
పరీక్షకు సిద్ధంగా ఉండాలని మూడు రోజులకొకసారి ట్యాంకు నింపుతున్నాను.

ఆటోనగర్_అబ్బాయి
అదే తప్పు. నింపడం ఆపండి, సగం దాకా దిగనివ్వండి. సాయంత్రం కారు నీడలో పెట్టండి, మధ్యలో ఎవరూ పాల ప్యాకెట్టు కోసమని తీయకుండా చూడండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి కొంతసేపు ఊళ్ళో, కొంతసేపు ఫ్రీవే మీద ఒకే వేగంతో నడపండి. రెండు మూడు రోజుల్లో అదే వస్తుంది.

బండి_భారతి
కొన్ని కార్లలో ఇంజను ఆపిన అయిదు గంటలకు ఒక చిన్న పంపు దానంతట అదే లేచి ఈ పరీక్ష చేస్తుంది. మా కారు అలాంటిదే. ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చి గరాజులో పెడితే, రాత్రి పదకొండింటికి తాళం వేసిన కారు గుర్రుమనేది. మా అత్తగారు రెండు రాత్రులు నిమ్మకాయలు పెట్టించారు. మాన్యువల్ తెరిచి చదివి వినిపించిన తరువాత ఆగాయి.

ఫ్రీమాంట్_పాతకారు
ఈవాప్ మానిటర్ నిన్న పొద్దున రెడీ అయింది, ట్యాంకు అప్పుడు సగానికి కొంచెం కింద ఉంది. ఈ రోజు మధ్యాహ్నం స్మాగ్ చెక్‌లో పాస్ అయింది, అన్ని మానిటర్లూ రెడీగానే. కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఆ 18 డాలర్ల మూతను చెత్తలో వేయబోతే అమ్మ అడ్డుపడింది, మేకుల డబ్బా పక్కన ఇప్పుడు అది ఉంది.

ఎడిసన్_ఏలూరు
దాని మీద మార్కరుతో లీకు అని రాసి పెట్టండి, లేకపోతే ఇంకో ఆరు నెలలకు మీరే బిగిస్తారు.